‘లైవ్ ఎట్ లీడ్స్’ ఏది కొనాలి, హల్ కచేరీలో బేస్ ఎవరిది, పినో మీద గొడవ ఎందుకు

మీరు అడిగినవి మూడు. బ్రిటిష్ రాక్ బ్యాండ్ ది హూ లైవ్ రికార్డుల్లో ముందు ఏది కొనాలి? ‘లైవ్ ఎట్ హల్’లో బేస్ (అడుగు స్వరాలు పలికే లావు తీగల గిటార్) నకిలీదంటున్నారు, నిజమేనా? బ్యాండ్ బేసిస్ట్ జాన్ ఎంట్విసిల్ పోయాక వచ్చిన పినో పల్లాడినో అంత పేరున్న వాద్యకారుడు కదా, అభిమానుల్లో సగం మంది ఆయన్ని ఎందుకు ఒప్పుకోరు? ఈ మూడింటి ముడీ ఒకచోటే ఉంది. ఈ బ్యాండ్‌లో బేస్ ఏం పని చేస్తుందో ముందు తేల్చుకోకపోతే మిగతా వాదన తెల్లవార్లూ నడుస్తుంది కానీ తెగదు.

మామూలు రాక్ బ్యాండ్‌లో డ్రమ్మర్ తాళం లెక్క పట్టుకుంటాడు, బేస్ దానికి అంటుకుని అడుగు స్వరం నిలబెడుతుంది, గిటార్ పైన తిరుగుతుంది. ది హూలో డ్రమ్మర్ కీత్ మూన్ హై-హ్యాట్ (కాలితో మూసే జంట తాళాలు) మీద లెక్క కొట్టుకుంటూ కూర్చోడు. పాట వెంట, గిటార్ దెబ్బ వెంట టామ్ డ్రమ్‌ల మీద దొర్లుకుంటూ పోతాడు. లెక్క నిలబెట్టేది చాలాచోట్ల గిటారిస్ట్ పీట్ టౌన్‌షెండ్ కుడిచెయ్యి, ఆ కార్డ్ దెబ్బలు. ఇక మధ్యలో స్వరాలతో తిరగడానికి చోటు మిగిలేది బేస్‌కే. ఎంట్విసిల్ ఆ చోటుని పూర్తిగా వాడుకున్నాడు. 1965 నాటి ‘మై జనరేషన్’ సింగిల్‌లో గిటార్ సోలో రావాల్సిన చోట బేస్ సోలో వస్తుంది. సన్న తీగల మోత కోసం మొదట డానెలెక్ట్రో బేస్ వాడానని, తీగ తెగితే విడిగా దొరక్క తీగల కోసమే మళ్లీ బేస్ కొనాల్సి వచ్చిందని, చివరికి ఫెండర్ జాజ్ బేస్ మీద రికార్డు చేశామని ఆయనే చెప్పాడు. 1966లో రోటోసౌండ్ కంపెనీతో కూర్చుని పియానో తీగలా ఖంగుమనే రౌండ్‌వౌండ్ (పైన గుండ్రటి సన్న తీగ చుట్టిన) తీగలు తయారు చేయించుకున్నదీ ఆ మోత కోసమే. 1967లో పాడైన అయిదు ప్రెసిషన్ బేస్‌ల భాగాలు కలిపి ఒకటి చేసుకుని, దానికి ఫ్రాంకెన్‌స్టైన్ అని పేరు పెట్టుకున్నాడు.

ఆ మోత ఎక్కడుంటుందో చెవితో పట్టుకోవడం తేలిక. బేస్ లావు తీగని వట్టిగా మీటితే మూల స్వరం సుమారు 41 హెర్ట్జ్. ఫోన్ స్పీకర్ 300 హెర్ట్జ్ కిందకి దాదాపు ఏమీ పలకదు. కాబట్టి ఫోన్ స్పీకర్ మీద చాలా బ్యాండ్ల బేస్ మాయమైపోతుంది. అదే ఫోన్‌లో లీడ్స్ కచేరీ పెట్టండి, ఎంట్విసిల్ వినబడుతూనే ఉంటాడు. ఆయన స్వరంలో బరువంతా పై హార్మోనిక్స్‌లో (మూల స్వరంతో పాటు పైన మోగే స్వరాల్లో), తీగ గీరుకునే చప్పుడులో, యాంప్లిఫయర్ గరగరలో ఉంది. అంటే గిటార్ ఉండే చోట సగం ఆయనే ఆక్రమించాడు. టౌన్‌షెండ్ కార్డులు వదిలేసి సోలోకి వెళ్లినప్పుడు వెనక వెలితి తెలియకపోవడానికి కారణం అదే. వేదిక మీద వేరే రిథమ్ గిటార్ లేదు, కీబోర్డ్ లేదు.

ఇప్పుడు రికార్డుల సంగతి.

‘లైవ్ ఎట్ లీడ్స్’ 1970 ఫిబ్రవరి 14న లీడ్స్ యూనివర్సిటీ భోజనశాలలో, ‘పై’ (Pye) అనే కంపెనీ మొబైల్ రికార్డింగ్ యూనిట్ మీద 8 ట్రాకుల్లో రికార్డయింది. అంతకుముందు అమెరికా పర్యటనలో చాలా కచేరీలు టేపు చేశారు. అన్నీ కూర్చుని వినే ఓపిక లేక వాటిని తగలబెట్టమన్నానని టౌన్‌షెండ్ తర్వాత చెప్పాడు. అభిమానులకి అది ఇప్పటికీ మానని పుండు. వాటి బదులు వరసగా రెండు రాత్రులు పెట్టుకున్నారు, 14న లీడ్స్, 15న హల్ సిటీ హాల్.

1970 మే నెలలో వచ్చిన ఎల్పీలో ఆరు పాటలే ఉన్నాయి: ‘యంగ్ మ్యాన్ బ్లూస్’, ‘సబ్‌స్టిట్యూట్’, ‘సమ్మర్‌టైమ్ బ్లూస్’, ‘షేకిన్ ఆల్ ఓవర్’, రెండో పక్క పావుగంట ‘మై జనరేషన్’, ‘మ్యాజిక్ బస్’. మొత్తం 40 నిమిషాల లోపే. దొంగ రికార్డు అట్టలా కనబడాలని గోధుమరంగు అట్ట మీద రబ్బరు ముద్ర కొట్టినట్టు పేరు వేశారు. పాత ఎల్పీ కొన్నవాళ్లు తరచూ పొరబడేది ఒకటుంది. టిక్కు టిక్కుమనే చప్పుళ్లు విని సూది అరిగిందనో, రికార్డు గీసుకుపోయిందనో అనుకుంటారు. ఆ చప్పుళ్లు టేపులోనే ఉన్నాయి, కేబుల్ లోపం వల్ల వచ్చాయి. చిటపట శబ్దాలు ఉండొచ్చు, సరిచెయ్యొద్దు అని లేబుల్ మీదే రాసిపెట్టారు. ఆ మాట చదవకుండా సూది మార్చి డబ్బు తగలేసుకోకండి.

1995లో ఇంజనీర్ జాన్ ఆస్ట్లీ మళ్లీ మిక్స్ చేసిన సీడీలో 14 ట్రాకులు, 77 నిమిషాలు. చిటపటలు తీసేశారు. ఒకే డిస్క్‌లో పట్టించడానికి వాళ్ల రాక్ ఒపెరా ‘టామీ’ నుంచి ‘అమేజింగ్ జర్నీ / స్పార్క్స్’ మాత్రం ఉంచారు. 2001 డీలక్స్ ఎడిషన్‌లో ‘టామీ’ అంతా ఉంది, కానీ దాన్ని రెండో డిస్క్‌లోకి తోసేశారు. ఆ రాత్రి వాయించిన వరస అది కాదు. మొదటి డిస్క్‌లో ‘ఎ క్విక్ వన్’ దాకా విని, అక్కడ ఆపి, రెండో డిస్క్ మొత్తం విని, మళ్లీ మొదటి డిస్క్‌కి వచ్చి ‘సమ్మర్‌టైమ్ బ్లూస్’ నుంచి అందుకోవాలి. ప్లేలిస్ట్ అలా కట్టుకోవడానికి రెండు నిమిషాలు పట్టదు. ‘మై జనరేషన్’ మధ్యలో ‘టామీ’ ముక్కలు మళ్లీ ఎందుకు తొంగిచూస్తాయో అప్పుడే అర్థమవుతుంది. దాదాపు గంటసేపు ఆ స్వరాల్లో తిరిగి అప్పుడే బయటపడ్డ చేతులవి.

నా సలహా ముందు 2001 రెండు డిస్కుల సెట్. పాత ఎల్పీ మిక్స్ ఎండిపోయినట్టు, ముఖానికి గుద్దినట్టు ఉంటుంది. దాని మీద ప్రేమ ఉన్నవాళ్లని తప్పు పట్టను. కానీ ఈ నలుగురూ ఏం చేస్తున్నారో విడివిడిగా తెలియాలంటే డీలక్సే.

బేస్ విడిగా వినాలంటే స్టీరియోని వాడుకోండి. ప్రేక్షకుల వైపు నుంచి చూస్తే ఎంట్విసిల్ ఎడమ పక్క, టౌన్‌షెండ్ కుడి పక్క నిలబడేవాళ్లు. మిక్స్‌లోనూ బేస్‌ని, గిటార్‌ని రెండు పక్కలకి విడదీశారు. ఆండ్రాయిడ్ ఫోన్ యాక్సెసిబిలిటీ సెట్టింగుల్లో ఆడియో బ్యాలెన్స్ ఉంటుంది. దాన్ని పూర్తిగా ఒక కొసకి జరపండి, తర్వాత రెండో కొసకి. పక్కనే ఉండే మోనో ఆడియో స్విచ్ ఆపి ఉండాలి, లేకపోతే రెండూ కలిసిపోయి ఏ తేడా తెలియదు. ఒంటరి బ్లూటూత్ స్పీకర్ కూడా చాలావరకు రెండు పక్కల్నీ కలిపేస్తుంది, కాబట్టి హెడ్‌ఫోన్సే వాడండి. ఇలా విన్నప్పుడు ‘యంగ్ మ్యాన్ బ్లూస్’ పెట్టండి. బ్యాండ్ మొత్తం ఆగి గాయకుడు రోజర్ డాల్ట్రీ ఒక్కడే పాడతాడు, మళ్లీ అందరూ ఒక్కసారి మీద పడతారు. ఆ పడే క్షణంలో బేస్ పక్క మాత్రమే వినండి. ఒక్క స్వరం వేసి ఊరుకోడు, గిటార్ కార్డ్ ఇంకా మోగుతుండగానే కింద నుంచి పైకి ఎగబాకుతాడు.

ఇక హల్. అభిమానుల గుంపుల్లో కత్తులు దూసుకునేది ఇక్కడే, కాబట్టి వివరంగా చెప్తాను.

హల్ కచేరీ టేపులో మొదటి కొన్ని పాటలకి బేస్ ట్రాక్ రికార్డు కాలేదు. 1970లో ఆల్బమ్‌కి లీడ్స్‌ని ఎంచుకోవడానికి అదే పెద్ద కారణం. మిగతా పాటల్లో బేస్ టేపు మీద ఉంది. 2010లో లీడ్స్ 40 ఏళ్ల పెద్ద సెట్‌లో హల్ కచేరీ బయటికి తెచ్చినప్పుడు, బేస్ లేని ఆ మొదటి పాటలకి ముందురోజు లీడ్స్‌లో ఎంట్విసిల్ వాయించిన బేస్‌ని తెచ్చి అతికారు. 2012లో హల్ విడిగా వచ్చింది. కాబట్టి ‘నకిలీ’ అన్న మాట తప్పు, వేరేవాడెవడూ వాయించలేదు. ‘మొత్తం అసలుదే’ అన్నదీ తప్పు.

అతకడం వీలైందంటే రెండు రాత్రులూ పాటల వరస దాదాపు ఒకటే, మనుషులు ఒకటే. అది కష్టం అవడానికి కారణం క్లిక్ ట్రాక్ (అందరి చెవిలో లెక్క కొట్టే టిక్కు) లేకపోవడం. నలుగురూ ఒకరినొకరు చూసుకుంటూ వాయించినదే లెక్క. లీడ్స్‌లో ఒక చరణం కాస్త తోసుకుంటూ వెళ్లి ఉంటుంది, హల్‌లో అదే చరణం కాస్త వెనక్కి వాలి ఉంటుంది. బేస్ ట్రాక్‌ని అలాగే తెచ్చి పక్కన పెడితే నాలుగైదు బార్లలో జారిపోతుంది. కాబట్టి బారు బారుగా, అవసరమైనచోట స్వరం స్వరంగా కోసి జరపాలి. బేస్ మీటు కిక్ డ్రమ్ దెబ్బకి 10 మిల్లీసెకన్లు అటూ ఇటూ అయితే పట్టు వదులైనట్టు అనిపిస్తుంది, 30 దాటితే రెండు దెబ్బలు విడివిడిగా వినబడతాయి. ఇదంతా చేత్తో సరిదిద్దగలరు. సరిదిద్దలేనిది ఇంకొకటుంది. లీడ్స్‌లో మూన్ ఒక ఫిల్ (పాట మధ్య ఖాళీలో కొట్టే డ్రమ్ పరుగు) వేస్తే దానికి ఎంట్విసిల్ ఒక జవాబు చెప్పాడు. హల్‌లో మూన్ అక్కడ ఇంకేదో వేశాడు, కానీ బేస్ మాత్రం లీడ్స్ మూన్‌కే జవాబు చెప్తోంది.

దీన్ని మీరే పరీక్షించుకోవచ్చు. కచేరీ మొదలయ్యే ‘హెవెన్ అండ్ హెల్’ తీసుకోండి, అది ఎంట్విసిల్ రాసిన పాటే. లీడ్స్‌ది ఒకసారి, హల్‌ది ఒకసారి, బేస్ మాత్రమే గమనిస్తూ వినండి. ఒకే చోట ఒకే పరుగులు. ఏ రెండు రాత్రులూ ఒకేలా వాయించని మనిషి ఇలా చెయ్యడు. తర్వాత రెండు కచేరీల నుంచీ ‘షేకిన్ ఆల్ ఓవర్’ పెట్టండి. ఇక్కడ హల్ బేస్ హల్‌దే. పరుగులు వేరు, ఆగే చోట్లు వేరు. ఈ రెండు జతలూ వింటే ఇరవై నిమిషాల్లో గొడవ తీరిపోతుంది.

హల్ కొనాలా అంటే, కొనాలి. మొదటి పాటల అతుకు తెలిసి వింటే ఇబ్బందేం లేదు. హాలు మోత లీడ్స్ కంటే విశాలంగా ఉంది, ‘టామీ’ భాగంలో బ్యాండ్ పట్టు లీడ్స్‌కి ఏ మాత్రం తీసిపోదు. ‘మ్యాజిక్ బస్’ మాత్రం హల్‌లో లేదు, దానికోసం వెతక్కండి.

మిగతావి క్లుప్తంగా. 1968 ఏప్రిల్‌లో న్యూయార్క్ ఫిల్‌మోర్ ఈస్ట్‌లో వాయించినది 2018లో వచ్చింది. అందులో ‘మై జనరేషన్’ అరగంట పైనే సాగుతుంది, కొత్తవాళ్లు దాంతో మొదలుపెట్టొద్దు. ఐల్ ఆఫ్ వైట్ 1970 ఆగస్టు కచేరీ తెల్లవారుజామున 2 గంటలకి మొదలైంది. లీడ్స్, హల్ అయ్యాక మూడోది అదే. 1982 పర్యటన నుంచి తీసిన ‘హూజ్ లాస్ట్’ చివరికి వదిలేయండి. అందులో మూన్ తర్వాత వచ్చిన కెన్నీ జోన్స్ డ్రమ్స్ చక్కగా లెక్కలో ఉంటాయి, ఆ లెక్క వల్లే బేస్‌కి తిరగడానికి చోటు తగ్గింది. ఎంట్విసిల్ ఆఖరి దశ కావాలంటే 2000 నవంబరు 27 నాటి రాయల్ ఆల్బర్ట్ హాల్ రికార్డు, అందులో ‘5:15’ మధ్య బేస్ సోలో. దాని అదనపు డిస్క్‌లో 2002 ఫిబ్రవరి 8 కచేరీ పాటలున్నాయి, ఆయన ది హూతో వాయించిన ఆఖరి కచేరీ అది.

2002 జూన్ 27న, పర్యటన మొదలయ్యే ముందురోజు, లాస్ వేగస్ హోటల్ గదిలో ఎంట్విసిల్ చనిపోయాడు. జులై 1న హాలీవుడ్ బౌల్‌లో ఆ చోట పినో పల్లాడినో నిలబడ్డాడు. నాలుగు రోజుల వ్యవధి. ఈ లెక్క తెలియకుండా ఆయన్ని తిట్టడం న్యాయం కాదు. కార్డిఫ్‌లో పుట్టిన పినో 1980లలో ఫ్రెట్‌లెస్ (మెడ మీద లోహపు గీతలు లేని) బేస్‌తో పాల్ యంగ్ పాటల్లో, తర్వాత డి’ఏంజెలో ‘వూడూ’లో వాయించిన మనిషి. ఆయన గొప్పతనం ఏ స్వరం వెయ్యకూడదో తెలియడంలో ఉంది. దెబ్బని కాస్త వెనక వేస్తాడు, స్వరాన్ని గుండ్రంగా ఉంచుతాడు, పాటకి చోటిస్తాడు. ఎంట్విసిల్ ప్రతి ఖాళీనీ నింపేవాడు. ఒకరి తూకంతో ఇంకొకర్ని తూస్తే పినో ఓడిపోతాడు, కానీ ఆ తూకమే తప్పు.

2002 నాటికి బ్యాండ్ కూడా మారిపోయింది. పక్కన పీట్ తమ్ముడు సైమన్ టౌన్‌షెండ్ రెండో గిటార్, వెనక రాబిట్ బండ్రిక్ కీబోర్డ్, 1996 నుంచి డ్రమ్స్ మీద జాక్ స్టార్కీ. ఎంట్విసిల్ ఒక్కడే నింపిన మధ్య స్వరాల చోటుని అప్పటికి ముగ్గురు పంచుకుంటున్నారు. అక్కడ పినో కూడా గరగరలాడే మోతతో దిగితే బురదే మిగులుతుంది. 2015 హైడ్ పార్క్ రికార్డుని ఇందాకటి ఫోన్ స్పీకర్ మీద పెట్టండి, బేస్ చాలావరకు కనుమరుగవుతుంది. మంచి హెడ్‌ఫోన్స్ మీద పెట్టండి, బ్యాండ్ మొత్తాన్ని కింద నుంచి ఎత్తి పట్టుకున్నది ఆయనే అని తెలుస్తుంది. ‘పినో వినబడడు’ అనేవాళ్లలో చాలామంది ఏ పరికరం మీద విన్నారో ముందు అడగాలి.

‘మై జనరేషన్’ బేస్ సోలో విషయంలో మాత్రం వాళ్ల బాధలో నిజం ఉంది. ఆ చోట తాళం కంటే తెగింపు ముఖ్యం, పినో పద్ధతికి అది కుదరదు. బ్యాండ్‌కీ ఈ సంగతి తెలుసు. 2012–13 ‘క్వాడ్రోఫీనియా’ పర్యటనలో ‘5:15’ సోలో దగ్గర తెర మీద ఎంట్విసిల్ పాత వీడియో నడుస్తుంటే, వేదిక మీద డ్రమ్స్ దానికి తోడు వాయించాయి. 2017లో బేస్ మీదకి జాన్ బటన్ వచ్చాడు. 2019 వెంబ్లీ రికార్డులో ఆయన పక్కన ఆర్కెస్ట్రా చెల్లోలు, డబుల్ బేస్‌లు కూడా ఉన్నాయి కాబట్టి దాన్ని పెట్టి ఆయన్ని అంచనా వెయ్యకండి.

చివర్లో మీరు బేస్ నేర్చుకుంటున్నానని, లీడ్స్ మోత రావట్లేదని రాశారు. పాట నేర్చుకోవడానికి ఆడాసిటీ అనే ఆడియో సాఫ్ట్‌వేర్‌లో ఫైలు తెరిచి స్టీరియో ట్రాక్‌ని రెండు మోనోలుగా విడదీయండి, గిటార్ ఉన్నది తీసేయండి. టెంపో 30 శాతం తగ్గించండి. అప్పటికీ స్వరాలు కలిసిపోతుంటే శృతిని 12 సెమీటోన్లు, అంటే ఒక స్థాయి పైకి ఎత్తండి. బేస్ గిటార్‌లా పలుకుతుంది, దాచుకున్న స్వరాలన్నీ బయటపడతాయి.

మోతకి ముందు తీగలు. స్టీల్ రౌండ్‌వౌండ్, 45 నుంచి 105 సెట్. కొత్త తీగల ఖంగు మన చెమటకి, ముఖ్యంగా విశాఖ, చెన్నై లాంటి తీరపు ఊళ్ల తేమకి, కొద్ది వారాల్లోనే చచ్చిపోతుంది. వాయించిన ప్రతిసారీ పొడిగుడ్డతో కింద వైపు కూడా తుడవండి. స్టీల్ తీగలు ఫ్రెట్లని త్వరగా తింటాయని కూడా గుర్తుంచుకోండి. తీగ ఎత్తు 12వ ఫ్రెట్ దగ్గర లావు తీగకి 2 మి.మీ., సన్న తీగకి 1.6 మి.మీ. దాకా దించొచ్చు. గట్టిగా మీటితే తీగ ఫ్రెట్‌ని కొట్టి టక్కుమనాలి, ఆ టక్కే ఈ మోతలో సగం. మొదటి అయిదు ఫ్రెట్లలోనే గరగరలాడి స్వరం చచ్చిపోతుంటే మెడ మరీ తిన్నగా అయిపోయిందన్నమాట. ట్రస్ రాడ్‌ని (మెడ వంపు సరిచేసే లోపలి కడ్డీని) పావు చుట్టు వదులు చేసి, ఒక రాత్రి ఆగి, మళ్లీ చూడండి. ఒకేసారి అర చుట్టు తిప్పకండి.

డిస్టార్షన్ పెడల్‌ని బేస్ మొత్తం మీద పెడితే అడుగు పోయి తేనెటీగల తుట్టెలా మోగుతుంది. అందరూ చేసే తప్పే ఇది. 1970 తర్వాతి ఏళ్లలో ఎంట్విసిల్ స్వయంగా పై స్వరాలని, కింది స్వరాలని వేరు వేరు యాంప్లిఫయర్లకి పంపే పద్ధతికి వెళ్లాడు. మీరు కంప్యూటర్‌లో అదే చెయ్యొచ్చు. బేస్ ట్రాక్‌ని రెండు కాపీలు చెయ్యండి. ఒకదానికి 200 హెర్ట్జ్ పైన కోత పెట్టి శుభ్రంగా ఉంచండి. రెండోదానికి 250 కింద కోత పెట్టి, ఆ కోత తర్వాత ఓవర్‌డ్రైవ్ (గరగర పుట్టించే ఎఫెక్ట్) వెయ్యండి. ఓవర్‌డ్రైవ్ ముందు వేసి కోత తర్వాత పెడితే లావు స్వరాలు పై స్వరాల్ని నలిపేస్తాయి. రెండూ కలిపాక మోత విడివిడిగా ఉన్నప్పటి కంటే పలచబడితే ఒక ట్రాక్ పొలారిటీ తిరగేసి చూడండి, ఏది లావుగా వినబడితే అది ఉంచండి. గరగర ట్రాక్‌ని పూర్తిగా తగ్గించి, డ్రమ్స్‌తో కలిపి వింటూ మెల్లగా పెంచుకుంటూ రండి. ఫోన్ స్పీకర్ మీద బేస్ స్వరాలు ఒక్కొక్కటీ లెక్కపెట్టగలిగిన చోట ఆపండి.